డప్పు కాచిన చెవి

మా ఇంట్ల శబ్దం గురించి చదువుకున్నది నేనొక్కణ్నే. శబ్దం తెలిసినోడు మాత్రం మా నాయన. ఆయన బడి మొఖం చూడలేదు. చావుకూ జాతరకూ ఊరి చాటింపుకూ వెట్టిగ డప్పు కొట్టిండు. చెమ్మకు తోలు మొద్దుబోతే గడ్డిమంట మీద కాచి, వేళ్లతోని తట్టి విని, మళ్ల కాచేటోడు. తక్కువ కాగితే మోగదు, ఎక్కువ కాగితే తోలు పగుల్తది. ఆ రెంటి నడుమ జాగను పట్టుకున్న చెవికి ఏ యూనివర్సిటీ సర్టిఫికెట్ ఇయ్యలేదు. నేను చదివిన శబ్దం పాఠంల వీణ ఉన్నది, తబలా ఉన్నది. డప్పు లేదు. ఇప్పుడు సర్కారు బడిల అదే పాఠం నేను చెప్తున్న.

మా తమ్ముడు చంపాపేట్‌ల ఉంటడు. కారు నడిపి బతుకుతడు. ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతికి పాటలు పెట్టాలని డిక్కీల సబ్‌వూఫర్, యాంప్లిఫయర్ పెట్టించిండు. బిగించినాయన గెయిన్, బాస్ బూస్ట్ రెండూ ఆఖరిదాక తిప్పి పంపిండు. పాట పెడితే సిర్ర దెబ్బేదో చిటికెన పుల్ల దెబ్బేదో తెలుస్తలేదు. రేకుల మీద రాళ్లు పడ్డట్టున్నది. పోయి అడిగితే, "బస్తీ పోరగాళ్లకు మోత గావాలె గని సాఫ్ సౌండెందుకు సార్?" అన్నడు.

ఆ మాట నాకు కొత్తది కాదు. ఊర్ల వాళ్లు మాట్లాడితే మాట, మేం మాట్లాడితే లొల్లి. మాకు మోత చాలన్నోడు, మా మాటల అర్థం ఉంటదని ఒప్పుకోనోడే.

ఆ పని మేమే చేసుకున్నం. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. స్టీరియో నుంచి వచ్చే వోల్టేజీకి యాంప్లిఫయర్‌ను సరిపెట్టే మర అది. దాన్ని మితిమీరి తిప్పితే యాంప్లిఫయర్ ఇవ్వలేని వోల్టేజీ అడిగినట్టే. అప్పుడు అలల తలలు తెగి చదునవుతాయి. శబ్దం పగులుతుంది, కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. అందుకని గెయిన్ సున్నాకు తెచ్చి, బాస్ బూస్ట్ తీసేసి, లో-పాస్ ఫిల్టర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టినం. ఎర్త్ వైరు పెయింటు మీద బిగించి ఉన్నది. పెయింటు గీకి వట్టి ఇనుముకు బిగించినం. బ్యాటరీ వైరు సన్నగుంటే వోల్టేజీ పడిపోయి శబ్దం ఇంకా తొందరగ పగుల్తది. అది మార్చి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టినం.

మాది 4 ఓముల మీద 300 వాట్ల ఆర్ఎంఎస్ యాంప్లిఫయర్. 300ను 4తో గుణిస్తే 1200, దాని వర్గమూలం 34.6. సబ్‌వూఫర్ వైర్లు ఊడదీసి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతుకు పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ వేసి, మీటరు 34 వోల్టులు చూపేదాక గెయిన్ తిప్పినం. మళ్ల వైర్లు కలిపి పాట పెట్టినం. నాయన కన్ను మూసుకొని విన్నడు. "ఇంకింత తగ్గియ్ కొడుకా, తోలు బిగుసుకపోతున్నది" అన్నడు. తగ్గిస్తే రెండు పుల్లలు వేరువేరుగ పలికినయి. "అన్నా, గిప్పుడు డప్పు" అన్నడు తమ్ముడు.

ఊరి పెత్తనం మోయడానికి వెట్టిగ కొట్టించిన దండోరా పేరునే 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగలు తమ ఉద్యమానికి పెట్టుకున్నారు. ఆ ఉద్యమం అడిగిన వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పింది. తెలంగాణలో అది 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చింది. ముప్పై ఏండ్లు ఒకే మాటను పగలకుండ పలికితే వచ్చింది అది.

నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటొద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తాయి. మా బస్తీలోనూ ముసలోళ్లున్నరు, పరీక్షకు చదివే పిల్లలున్నరు. ఎదుటోని గుండె అదరగొట్టే మోత మాకొద్దు. మా పాటల ప్రతి మాటా వినబడాలె. శబ్దం పాఠం వచ్చిన రోజు మా బడిల ముందు మోగేది ఇప్పుడు డప్పే. కాచినంక ఎందుకు గట్టిగ మోగుతదో పిల్లలే చెప్తున్నరు.