వంపులో నిలిచిన నీరు

గృహప్రవేశ ప్రార్థనకు నన్ను పిలిచినవారి ఇంట, ప్రార్థన ముగిసిన పిమ్మట నేను స్నానాల గదిని కూడ చూచెదను. "అక్కడేం చూస్తారు అయ్యగారూ!" అని ఇంటివారు నవ్వుదురు. ఆ అలవాటు నాకు గురజాల దారిలోని ఒక పల్లెలో, ఒక ముసలితల్లి ఇంట కలిగినది.

ఆమె కుమారుడు హైదరాబాదులో పనిచేయుచు, తల్లికి సుఖముగా నుండునని ఇంటిలోపలనే స్నానాల గదియు మరుగుదొడ్డియు కట్టించి నాపరాళ్లు పరిపించెను. ఆమె మాత్రము పెరటిలోని పాత తడికల చాటును విడువలేదు. మే నెలలో మేము దర్శనమునకు వెళ్లినప్పుడు ఇల్లంతయు కుళ్లిన గ్రుడ్ల వాసన కొట్టుచుండెను. "ఎలుక చచ్చిందేమోనని బస్తాలన్నీ జరిపించాను అయ్యగారూ. తలనొప్పికి తట్టుకోలేక అరుగు మీదే పడుకుంటున్నాను" అని ఆమె చెప్పెను. మాతో వచ్చిన సంఘస్థుడొకడు తాపీమేస్త్రీ. అతడు గది మూలనున్న జాలీని ఎత్తి చూచి, "తూము వంపు ఎండిపోయిందమ్మా. ఒక బిందెడు నీళ్లు తెప్పించు" అనెను. తూములోను మరుగుదొడ్డిలోను నీళ్లు పోసి, తలుపులు కిటికీలు తెరచి పెట్టితిమి. ప్రొద్దుగూకునప్పటికి వాసన లేదు.

ఆ వంపునే పనివారు ట్రాప్ అందురు. స్నానాల గది తూముకు పెట్టునది నహానీ ట్రాప్. అందులో నీరు తిన్నగా జారిపోక, క్రిందికి దిగి మరల పైకి లేచి పోవును గనుక కొంత నీరు ఎప్పుడును అక్కడ నిలిచియుండును. దాని లోతు రెండు అంగుళములు, అనగా 50 మిల్లీమీటర్లు ఉండవలెను. ట్యాంకులోని దుష్టవాయువునకును మన ఇంటికిని నడుమనున్న అడ్డు ఆ కొద్దిపాటి నీరే. 1775లో లండనులో అలెగ్జాండర్ కమింగ్ అను గడియారముల పనివాడు మరుగుదొడ్డి గొట్టమునకు ఇట్టి వంపు పెట్టి పేటెంటు హక్కు పొందెను. నేటికిని దేశదేశముల ఇండ్లను కాచుచున్నది ఆ వంపే.

అయితే నిలిచిన నీరు ఆవిరియైపోవును. రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు దాటుట మన మెరిగినదే. అట్టి వేసవిలో, వాడని తూములోని రెండంగుళముల నీరు ఎంతకాలము నిలుచును? కనుక వాడినను వాడకున్నను వారమున కొకసారి ప్రతి తూములోను ఒక చెంబెడు నీళ్లు పోయవలెను. పనులకు ఊరు విడిచి వెళ్లువారు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల నూనె వేసినయెడల ఆ నీరు త్వరగా ఎండదు.

మరి కొన్ని కారణములును కలవు. ట్రాపులోని కప్పులో వెండ్రుకలు చిక్కి నీరు మెల్లగా పోవుచున్నదని దానిని తీసి పారవేయుదురు. కప్పు పోయిన తరువాత అడ్డేమున్నది? కడిగి మరల పెట్టవలెను. ఖర్చు తగ్గునని వంపు లేకుండ తిన్నని గొట్టము వేయించువారు మరి కొందరు. దోమలు వచ్చునని ట్యాంకు గాలిగొట్టమునకు గుడ్డ కుక్కుదురు. పైకి పోవలసిన వాయువు అప్పుడు వంపులోని నీటిని త్రోసికొని ఇంటిలోనికే వచ్చును. ఆ గొట్టము ఇంటి కప్పుకంటె ఎత్తుగా నుండవలెను. దోమలకు సన్నని వల కట్టిన చాలును.

ఈ వాయువును చులకన చేయకుడి. కుళ్లిన గ్రుడ్ల వాసన గలది హైడ్రోజన్ సల్ఫైడు. కొంచెమున్నప్పుడు వాసన తెలియును. మిక్కుటమైనప్పుడు ముక్కు మొద్దుబారి వాసనయే తెలియదు. వాసన పోయినదని లోపలికి దిగినవాడు క్షణములలో కూలును. దానితో కూడ నుండు మీథేనుకు వాసన లేదు గాని మండును. కావున వాసన వచ్చు గదిలో అగ్గిపుల్ల గీయవద్దు.

చలిదేశములలోవలె మన ఇండ్లకు నేలమాళిగలు లేవు. అయినను మన తాతలకు జొన్నల పాతరలుండెను. పాతర మూత తీసిన వెంటనే ఎవరును దిగరాదని వారెరుగుదురు. గింజలు విడిచిన బొగ్గుపులుసు వాయువు అడుగున నిలిచి ప్రాణము తీయును గనుక, గాలి ఆడనిచ్చి, దీపము దించి చూచి దిగుచుండిరి. సెప్టిక్ ట్యాంకులోనికి దీపము దించుటయు కూడదు. అక్కడి వాయువు అంటుకొనును. మూత తీసి ఎంతసేపు ఉంచినను అది దిగదగిన స్థలము కాదు.

అయినను దింపుచున్నారు. దిగువాడు ఏ పేటనుండి వచ్చునో నేను చెప్పనక్కరలేదు. మొదటివాడు పడిపోగా అతని తీయబోయి రెండవవాడును పడుట ఎన్నిచోట్లనో జరిగినది. రక్షణ సామగ్రియు జాగ్రత్తలును లేకుండ మనుష్యులచేత మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను శుభ్రము చేయించుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. మురుగు కాలువలో మరణించినవాని కుటుంబమునకు 30 లక్షల రూపాయలు ఇయ్యవలెనని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తీర్పు చెప్పెను. ఆ ధనము తండ్రిని తిరిగి తేలేదు. ట్యాంకు నిండినప్పుడు గొట్టముతో లాగు బండిని పిలువుడి. దాని కూలి ఎక్కువని బేరమాడువారు, దిగువాని ప్రాణమును ఎంతకు బేరమాడుచున్నారో ఆలోచింపవలెను.

మలమును పాళెము వెలుపల కప్పివేయవలెనని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము ఇశ్రాయేలీయులకు నియమించెను. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైన తరువాత మన పల్లెలలో ఎన్నో మరుగుదొడ్లు లేచినవి. చీకటిలో పొలములకు పోవు స్త్రీల భయము కొంత తీరినది. అది మేలే. కాని పాళెము వెలుపలి దానిని మనము ఇంటి గోడ ప్రక్కకు తెచ్చుకొంటిమి గనుక కావలియు మనదే. ఈ ఆదివారము గుడినుండి ఇంటికి వెళ్లినప్పుడు జాలీ ఎత్తి చూడుడి. వంపు ఎండియున్నయెడల నీళ్లు పోయుడి. గాలిగొట్టమున గుడ్డ యున్నయెడల తీయుడి. ట్యాంకులోనికి మాత్రము ఏ తల్లి బిడ్డనైనను దింపకుడి.