పెట్రోమాక్సు వెలుగులో మా ఇల్లు

మొన్న మా అమ్మాయి "అమ్మా, నువ్వు మొట్టమొదట చూసిన నాటకం ఏది?" అని అడిగింది. స్కూల్లో ఏదో రాయమన్నారట.

మాది నెల్లూరు జిల్లాలో చిన్న పల్లె. 1991లో అక్షర దీపం పేరుతో పెద్దవాళ్ళకి రాత్రి బడులు పెట్టారు. నాకప్పుడు పదేళ్ళు. ఒక రాత్రి కళాజాత వాళ్ళొచ్చారు. తెర లేదు, రంగులు లేవు. ఒక డప్పు, పెట్రోమాక్సు లైటు, అంతే. కూలి డబ్బులతో సారా ప్యాకెట్లు కొనుక్కొచ్చే మొగుడు, ఎసరు పెట్టి బియ్యం కోసం ఎదురు చూసే పెళ్ళాం. వాడు తూలుతుంటే అందరం తెగ నవ్వాం. నవ్వు రాదా మరి!

నడుమ ఆట ఆపి, పెళ్ళాం వేషం వేసినతను ఆడవాళ్ళ వైపు తిరిగి "ఇప్పుడు నేనేం చెయ్యాలక్కా?" అన్నాడు. ఎవరూ పలకలా. కాసేపటికి మా పక్కింటి పెద్దమ్మ లేచి, "ఏడిస్తే ఏమొస్తది? ముందా ప్యాకెట్టు లాక్కో" అంది. అతను నిజంగానే లాక్కున్నాడు! ఇక చూడండి, "అట్టా కాదు, మా ఇంట్లో అయితే..." అంటూ ఇంకో నలుగురు లేచారు. మా అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. వెనక వేపచెట్టు కింద నాయన ఉన్నాడు. ఆయన వైపు చూడకూడదని నేను డప్పునే చూస్తూ కూర్చున్నా.

ఆ రాత్రి పెద్దమ్మ మా అరుగు మీదికొచ్చి, "నీ ఇంట్లోనూ ఇంతేనా?" అని అమ్మ చెయ్యి పట్టుకుంది. మా రెండిళ్ళకీ ఒకటే గోడ. దెబ్బ కనబడితే గడప తగిలిందని అమ్మ చెప్పేది, పెద్దమ్మ నమ్మినట్టు ఊరుకునేది. అన్నేళ్ళూ అంతే.

నాటకం వల్లే అన్నీ మారాయని నేననను. వాచకంలో సీతమ్మ కథ చదువుకున్నారు, దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా అంగడి మూయించారని విన్నారు. 1992లో మావాళ్ళూ అంగడి ముందు కూర్చున్నారు, అమ్మతో సహా. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందైంది. 1995లో వచ్చిన మద్యనిషేధం 1997లో ఎత్తేశారనుకోండి, అది వేరే సంగతి.

అమ్మాయి అడిగిందని అమ్మకి ఫోన్ చేశాను. "ఆ రోజు నువ్వెందుకు లేవలేదమ్మా, నాయనున్నాడనా?"

"మీ నాయనకి తెలియందేముందే? నువ్వు ఎదురుగా కూర్చునుంటివి" అంది.