రొమ్ము క్యాన్సర్‌లో ఎముకల పాత్ర

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన స్త్రీ నాలుగైదేళ్ల తరువాత నడుము నొప్పి అంటే, ఇంట్లోవారు "వయసు మీద పడింది కదా" అంటారు. మందుల దుకాణంలో నొప్పి మాత్ర ఇస్తారు. ప్రభుత్వ వైద్యుడిగా ఉన్న రోజులలో ఈ మాట నేను ఎన్నోసార్లు విన్నాను. రొమ్ముకూ వెన్నెముకకూ సంబంధమేమిటని అడిగేవారే ఎక్కువ. ఆ సంబంధంలో కొన్ని ప్రొటీన్లకు ముఖ్యమైన పాత్ర ఉంది. మేము వైద్యవిద్య అభ్యసించిన కాలానికి వాటి పేర్లు పాఠ్యగ్రంథాలలో లేవు.

ఎముక నిర్జీవమైన కట్టె కాదు. అందులో పాత భాగం కరుగుతూ, కొత్తది ఏర్పడుతూ ఉంటుంది. కరిగించే కణాలు ఆస్టియోక్లాస్టులు. వాటికి ఆజ్ఞ ఇచ్చే ప్రొటీన్ ర్యాంక్ లిగాండ్. ఆ ఆజ్ఞను అందుకొనే గ్రాహకం ర్యాంక్. ఆజ్ఞను దారిలోనే పట్టి ఆపేది ఆస్టియోప్రొటెజెరిన్. ఆ పేరుకు అర్థమే 'ఎముకను కాపాడేది' అని. 1997-98 ప్రాంతంలో ఇవి వెలుగులోకి వచ్చాయి.

ర్యాంక్ లిగాండ్ లేని ఎలుకలలో గర్భసమయాన పాలగ్రంథులు సరిగా ఎదగవని 2000లో తేలింది. అంటే ఎముకను కరిగించే ప్రొటీనే పాలగ్రంథినీ పెంచుతుంది. ప్రొజెస్టిన్ హార్మోను ప్రేరణతో ఎలుకలలో వచ్చే రొమ్ము కణితులకు ఇదే తోడ్పడుతుందని 2010లో గుర్తించారు. బి.ఆర్.సి.ఏ.1 జన్యులోపం ఉన్న స్త్రీలలో దీనిని అడ్డుకొని క్యాన్సర్‌ను నివారించవచ్చునా అన్న పరిశోధన కూడా మొదలైంది. అయితే రక్తంలో ఈ ప్రొటీన్ల పరిమాణాన్ని కొలిచి ముప్పును చెప్పే స్థితి ఇంకా రాలేదు; అటువంటి పరీక్షకై డబ్బు వెచ్చించనక్కరలేదు.

క్యాన్సర్ కణం విత్తనమైతే అది చేరే అవయవం నేల అని స్టీఫెన్ పేజెట్ 1889లోనే చెప్పాడు. రొమ్ము క్యాన్సర్‌కు ఎముక సారవంతమైన నేల. అక్కడ చేరిన క్యాన్సర్ కణాలు ర్యాంక్ లిగాండ్‌ను పెంచి ఎముకను కరిగింపజేస్తాయి. కరిగిన ఎముక నుండి వెలువడే పదార్థాలు తిరిగి ఆ కణాలకే ఎరువవుతాయి.

ర్యాంక్ లిగాండ్‌ను బంధించే మందు డెనోసుమాబ్. లెట్రోజోల్, అనస్ట్రజోల్ వంటి మాత్రలు ఈస్ట్రోజన్‌ను తగ్గించి ఎముకలను పలుచన చేస్తాయి. అటువంటి మాత్రలు వాడుతున్న, ముట్లుడిగిన 3,425 మంది స్త్రీలపై ఆస్ట్రియా, స్వీడన్‌లలో జరిగిన అధ్యయనంలో ఈ మందు ఎముకల విరుగుళ్లను సగానికి తగ్గించిందని 2015లో ప్రకటించారు. కాని 4,509 మందిపై జరిగిన మరొక అధ్యయనంలో అది వ్యాధి ఎముకకు పాకడాన్ని ఆపలేకపోయింది. ఎముకకు బలమిచ్చే మందు క్యాన్సర్‌కు మందు అని అపోహపడరాదు.

మన సికింద్రాబాదులో 2007లోనే రొమ్ము వ్యాధులకై కిమ్స్-ఉషాలక్ష్మి కేంద్రం ఏర్పడింది. రొమ్ము పరీక్ష గురించి స్త్రీలు నేడు కొంత ధైర్యంగా మాట్లాడుతున్నారు. ఎముక గురించీ అలాగే మాట్లాడాలి.

హార్మోను మాత్రలు మొదలుపెట్టేటప్పుడు ఎముకల సాంద్రత పరీక్ష ఎప్పుడు చేయించాలో వైద్యుని అడగండి. డెనోసుమాబ్‌కు ముందు దంతవైద్యునికి చూపించుకోండి. ఆరునెలలకొకసారి తీసుకొనే ఆ సూదిమందును సొంతంగా మానవద్దు. అకస్మాత్తుగా ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదముంది. రాత్రి విశ్రాంతిలోనూ తగ్గని ఎముక నొప్పిని నొప్పి మాత్రలతో వారాల తరబడి నెట్టుకురావద్దు. నడుము నొప్పితో పాటు కాళ్లు చచ్చుబడినా, మూత్రం బిగిసినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చికిత్స ఎన్నేళ్ల క్రితం ముగిసినా సరే, తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందన్న సంగతిని అక్కడి వైద్యునికి మొట్టమొదట చెప్పాలి.