డోర్నకల్ అయ్యగారు

జనవరి 1 వచ్చిందంటే నాకు మనసులో కోపంగా ఉంటుంది. అర్ధరాత్రి ఆరాధన ముగుస్తుంది, వాగ్దాన కార్డులు పంచుతారు, కేకు కోస్తారు, చలికి శాలువాలు కప్పుకొని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. 1945లో సరిగ్గా అదే రోజు డోర్నకల్లో బిషప్పు అజరయ్య గారు కన్నుమూశారన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు. ప్రార్థనలో ఒక్క ముక్క తలుచుకుంటే ఏం పోతుంది? ఒక ఏడు ఒక పెద్దాయన తలుచుకున్నారు సరే. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు, 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మాట్లాడారు, కేంబ్రిడ్జి వాళ్లు గౌరవ డాక్టరేటు ఇచ్చారు. ఇంతే చదివి కూర్చున్నారు. మరి మనిషి ఏరి?

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు అరవదేశం వారు. తిరునెల్వేలి వైపు వెళ్లాళన్‌విళై అనే పల్లెలో 1874లో పుట్టారు. తండ్రి పల్లెటూరి పాస్టరు. 1903లో అక్కడి క్రైస్తవులంతా కూడి, తెల్లదొరల డబ్బుతో కాదు, మన మనుషులతో, మన డబ్బుతో సువార్త చెబుదామని ఒక సంఘం పెట్టుకున్నారు. దాన్ని నిలబెట్టిన వాళ్లలో ఈయన ముఖ్యులు. ఆ సంఘమే డోర్నకల్ ప్రాంతాన్ని పనిస్థలంగా ఎంచుకుంది. 1909లో ముప్పై అయిదేళ్ల వయసులో, వైఎంసీఏలో మంచి ఉద్యోగం మానుకొని, ఆయనే ఇక్కడికి వచ్చేశారు. అప్పటికి డోర్నకల్ అంటే నిజాం రాజ్యంలో ఒక రైలు జంక్షను. ఇల్లందు బొగ్గు కోసం లైను చీలే చోటు. మూడేళ్లు తిరిగేసరికి, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయన్ని బిషప్పుగా అభిషేకించారు. ఆయన మాత్రం డోర్నకల్‌ను వదలలేదు. బిషప్పుగా ముప్పై రెండేళ్లు ఇక్కడే ఉండి, ఇక్కడే మట్టిలో కలిశారు.

వచ్చేనాటికి ఆయనకు తెలుగు రాదు. నేర్చుకున్నారు. ఈ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోతాను. ముప్పై దాటాక కొత్త భాష పట్టుకోవడం ఎంత కష్టమో పట్టుకున్నవాళ్లకే తెలుసు. పైగా ఆయన పుస్తకాల తెలుగుతో సరిపెట్టుకుంటే కుదరదు. వినేవాళ్లు ఎవరు? మాలపల్లె వాళ్లు, మాదిగపల్లె వాళ్లు, పొద్దున లేస్తే దొరల పొలాల్లో ఉండేవాళ్లు. వాళ్లకు అర్థమయ్యే మాట కావాలి. అందుకే పాటలు, భజనలు, కోలాటాలు కావాలన్నారు. తెలుగు తల్లి కడుపున పుట్టిన ప్రసంగీకులు ఇవాళ సగం ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నాకు కడుపులో తిప్పుతుంది. వెనక కీబోర్డు మోగుతూ ఉంటుంది, ముందు మైకు అరుస్తూ ఉంటుంది, నడుమ వాక్యం ఎక్కడుందో వెతుక్కోవాలి. చివరి బల్ల మీద కూర్చున్న ముసలమ్మకు అందని ప్రసంగం ప్రసంగం కాదు. ఇది నేను ఎక్కడైనా అంటాను.

ఆయన కట్టించిన గుడిని చూసినా ఇదే తెలుస్తుంది. డోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్ పూర్తికావడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. మసీదు గుమ్మటాలు, మినార్లు, దేవాలయ మండపంలో ఉండేలాంటి స్తంభాలు, వాటి మీద తామరలు. ఎండాకాలం మధ్యాహ్నం లోపలికి వెళ్లి ఒక స్తంభానికి వీపు ఆనించి కూర్చుంటే చల్లగా ఉంటుంది. పరాయి దేశపు గుడిలో కూర్చున్నట్టు ఉండదు.

 

ఇంటావిడ గురించి ఎవరూ చెప్పరేం? అన్బు మరియమ్మాళ్. 1898లో పెళ్లయింది. దక్షిణదేశంలో కాలేజీ మెట్లెక్కిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. అన్బు అంటే అరవంలో ప్రేమ. అంత చదువుకున్నావిడ పిల్లలను పెంచుకుంటూ, ఎడ్లబండి మీద భర్త వెంట పల్లె పల్లెకూ తిరిగారు, ఆడవాళ్లను కూడగట్టారు, వాళ్లకు నేర్పారు. బిషప్పు గారు పల్లెకు వస్తే మగవాళ్లు చుట్టూ మూగేవాళ్లు. ఆడవాళ్ల దగ్గరికి, పొయ్యి దగ్గరికి వెళ్లింది అమ్మగారే.

అయ్యగారి గురించి నాకు పుస్తకాలు చెప్పడానికి ముందే మా నాయనమ్మ చెప్పింది. ఆమెకు చదువు రాదు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు బాప్తిస్మం ఇచ్చారట. కొత్తగా సంఘంలో చేరేవాళ్ల చేత అజరయ్య గారు వాళ్ల చేయి వాళ్ల తల మీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పౌలు అన్న మాట పలికించేవారు. నాయనమ్మ ఆ సంగతి చెప్పేటప్పుడు తప్పకుండా కొంగు సర్దుకొని, కుడి అరచేయి నెత్తి మీద పెట్టి చూపించేది. "అయ్యగారు మమ్మల్నే చెప్పమన్నడు బిడ్డా, పాస్టరును కాదు" అనేది. కలుపు తీస్తూ, నాట్లు వేస్తూ ఆమె చెప్పింది వినే ఇద్దరు ముగ్గురు గుడికి వచ్చారని మా అమ్మ అంటుంది.

మన డబ్బుతో సువార్త అన్న మాటకు నాయనమ్మ దగ్గర ఉన్నది బియ్యమే. పూట పూటకూ సోలతో బియ్యం కొలిచి చేటలో పోసేది. చెరిగి, రాళ్లు ఏరి, ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి డాల్డా డబ్బాలో వేసేది. అది దేవుని బియ్యం. ఇంట్లో నూకలే ఉన్నా పిడికెడు తగ్గేది కాదు. ఒకసారి నేను వేస్తానని మారాం చేస్తే వేయనిచ్చింది. వేళ్ల సందుల్లోంచి సగం జారిపోయాయి. "పిడికిలి గట్టిగ పట్టు, వదులుగ పట్టి దేవునికి వేయొద్దు" అని మళ్లీ తీయించింది.

ఆదివారం ఆ డబ్బా చంకన పెట్టుకొని గుడికి బయలుదేరేది. ఆరాధన అయ్యాక అందరూ తెచ్చిన బియ్యం చాప మీద పోసేవాళ్లు. దంపుడు బియ్యం, మిల్లు బియ్యం, కంట్రోలు బియ్యం, నూకలు, అన్నీ ఒకటే కుప్ప. అక్కడే వేలం. నాయనమ్మ వేలంలో ఒక మానెడు పాడుకొని వచ్చేది. ఆ బియ్యం వండితే ఒక మెతుకు మెత్తగా, ఒక మెతుకు పలుకుగా ఉండేది. ఆదివారం మధ్యాహ్నం చింతపండు చారు పోసుకొని, ఎండుమిరపకాయ నంజుకొని, అరుగు మీద వరసగా కూర్చొని అదే తినేవాళ్లం.