బీరు దీపం వెలిగేదాకా

లాస్ ఏంజెలీస్ నగరం నుంచి ఆగ్నేయంగా సుమారు 70 మైళ్ళు కారులో పోతే పెర్రిస్ అనే ఊరు వస్తుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 78 వేల పైచిలుకు జనం ఉన్నారు. మన లెక్కకు అది ఒక మోస్తరు పట్టణమే. పూర్వం ఆ దారిన రైలుమార్గం వేయించిన ఇంజనీరు ఫ్రెడ్ పెర్రిస్ పేరే ఊరికి పెట్టారు. అందుకు తగ్గట్టు పాత రైళ్ళకూ ట్రాములకూ అక్కడ పెద్ద ప్రదర్శనశాల ఒకటి ఉంది. ఊరి చుట్టూ పొదలు, ఎండిన గడ్డి, గుండ్లు పేర్చినట్టుండే రాతి కొండలు. మాది పెనుగొండ ప్రాంతం. ఆ కొండలు చూడగానే పదివేల మైళ్ళు వచ్చి మళ్ళీ మా ఊళ్ళోనే దిగానా అనుకున్నాను. తేడా అల్లా ఒక్కటే. మా ఊళ్ళో తలెత్తి చూస్తే గద్దలు కనిపిస్తాయి, ఇక్కడ మనుషులు కనిపిస్తారు.

అవును, మనుషులే. విమానంలోంచి దూకి, పారాచూట్ కట్టుకుని దిగే వినోదానికి ప్రపంచంలో పేరుపొందిన చోట్లలో పెర్రిస్ ఒకటి. సంవత్సరంలో చాలా రోజులు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. ఉదయంపూట గాలి నెమ్మదిగా ఉంటుంది. మైదానం పక్కనే ఈతకొలను, ఫలహారశాల, దూకడానికి భయపడేవాళ్ళు గాలిలో తేలడం నేర్చుకునే నిలువు గాలిగొట్టం కూడా ఉన్నాయి. అక్కడ అంతా తిరునాళ్ళ సంబరం లాగే ఉంటుంది. కాని ఆ సంబరం వెనక ఒక జ్ఞాపకం కూడా ఉంది. 1992 ఏప్రిల్ 22న, దూకేవాళ్ళను తీసుకుని పైకి లేచిన విమానం ఒకటి ఇక్కడే కూలిపోయింది. అందులో ఉన్న 22 మందిలో 16 మంది మరణించారు. ఇంధనంలో కల్తీ చేరడం దానికి ఒక కారణం. దానికీ మద్యానికీ సంబంధం లేదు. అయినా అక్కడి పాతకాపులు నిబంధనలంటే ఎందుకు నవ్వులాటగా తీసుకోరో ఆ సంగతి తెలిశాక నాకు బోధపడింది.

2023 అక్టోబరులో నేను మా మేనల్లుడి దగ్గరకు వెళ్ళాను. వాడు లాస్ ఏంజెలీస్ దగ్గర కంప్యూటర్ల కంపెనీలో పని చేస్తున్నాడు. మరుసటి నెలలో పెళ్ళి. పెళ్ళికి ముందు ఒకసారి ఆకాశం నుంచి దూకి తీరవలసిందేనని స్నేహితులు పందెం వేశారట. శుక్రవారం సాయంత్రం వాడూ, మరిద్దరు కుర్రవాళ్ళూ, నేనూ పెర్రిస్ చేరి, ఒక చవక బసలో దిగాము. శనివారం ఉదయం 9 గంటలకు వాళ్ళ వంతు. సంగతి పెనుగొండలో ఉన్న మా అక్కయ్యకు తెలియదు.

రాత్రి భోజనం దగ్గర సీసాలు వచ్చాయి. స్నేహితులిద్దరూ ఒక్కొక్క బీరుతో సరిపెట్టుకుని పడుకున్నారు. మావాడు మాత్రం ఆపలేదు. 7 గంటలకు మొదలుపెట్టినవాడు అర్ధరాత్రి దాటి రెండయినా కిటికీ దగ్గర కూర్చునే ఉన్నాడు.

“ఇంక పడుకోరా,” అన్నాను.

“నిద్ర రావడం లేదు మామయ్యా. కళ్ళు మూస్తే ఆ విమానం తలుపు కనిపిస్తోంది,” అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. వాడు తాగుతున్నది సరదాకు కాదు, భయానికి.

చదువరులకు ఒక మాట మనవి చేయాలి. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి నేను. తెల్లవారి లేచి ఖాళీ సీసాలు లెక్కపెట్టాను. వాడి వాటా ఎనిమిది. ఒక్కొక్కటి 355 మిల్లీలీటర్లు. అటువంటి సీసాలో సుమారు 14 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. మన కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగించగలదు. అంటే ఒక సీసాకు గంటన్నర నుంచి రెండు గంటలు. ఎనిమిదింటికి 12 నుంచి 16 గంటలు. రాత్రి 7 నుంచి లెక్క వేసుకుంటే, ఎంత తొందరగా చూసినా ఉదయం 7, ఆలస్యమైతే 11. చన్నీళ్ళ స్నానం చేసినా, కాఫీ తాగినా, కాలేయం తన నడకను మార్చుకోదు. పిల్లలకు పరీక్షలో ఇచ్చే లెక్క ఇది. ఆనాడు అది నా మేనల్లుడి మీద వచ్చి పడింది.

8 గంటలకు మైదానానికి చేరాము. కాగితాల మీద సంతకాలు పెట్టాలి. ఎన్నో పేజీలు, పేజీ పేజీకీ సంతకం. మావాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కాని నడక తిన్నగానే ఉంది. నోట్లో పుదీనా బిళ్ళ వేసుకున్నాడు. స్నేహితులకు వాడు ఎంత తాగాడో తెలియదు. తెలిసింది నాకు ఒక్కడికే.

వాణ్ణి పక్కకు పిలిచాను.

“ఒరే, నువ్వు వెళ్ళి ఉన్న సంగతి చెప్పు.”

“ఏ సంగతి?”

“రాత్రి సంగతి. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను.”

వాడి ముఖం జేవురించింది. “వాళ్ళ ముందు నా పరువు తీస్తావా మామయ్యా? ఇంకెప్పుడూ నిన్ను ఎక్కడికీ తీసుకురాను,” అన్నాడు.

“తీసుకురాకు. మీ అమ్మకు నేను ఫోను చేయవలసిన అవసరం రాకుంటే చాలు.”

కొంచెంసేపు నేల చూస్తూ నిలబడ్డాడు. తరువాత విసురుగా వెళ్ళిపోయాడు. ఎటు వెళుతున్నాడో నాకు తెలియలేదు. నేనూ వెనకాలే నడిచాను. చివరికి, వాణ్ణి తనకు కట్టుకుని దూకవలసిన శిక్షకురాలి ముందు ఆగాడు.

కొత్తవాళ్ళను ఒంటరిగా దూకనివ్వరు. శిక్షణ పొందిన మనిషి వెనక, కొత్త మనిషి ముందు, ఇద్దరినీ ఒకే పట్టీలతో బిగించి, ఇద్దరికీ ఒకే పెద్ద గొడుగు పెడతారు. ఈ శిక్షకురాలికి నలభై దాటి ఉంటాయి. ఎండకు కమిలిన ముఖం. వేలసార్లు దూకిందట. మావాడు చెప్పినదంతా వింది. కోప్పడలేదు.

“ఎన్నింటికి ఆపావు?”

“రెండింటికి.”

“ఈరోజు నువ్వు పైకి రావు. రేపు రా. నువ్వు చెప్పకపోయినా విమానంలో నీ ఊపిరి నాకు తెలిసేదే. కాని అప్పటికి మనం 12 వేల అడుగుల ఎత్తున ఉండేవాళ్ళం. ఇక్కడే చెప్పావు, సంతోషం.”

“నేను చేయవలసిందేమీ లేదు కదా, అంతా మీరే చూసుకుంటారు కదా,” అన్నాడు వాడు, చివరి ఆశతో.

“దిగేటప్పుడు నువ్వు కాళ్ళు పైకెత్తాలి. చెప్పిన క్షణాన ఎత్తకపోతే విరిగేవి నీ కాళ్ళు మాత్రమే కావు,” అంది ఆమె.

ఆ మాట నా మనస్సులో నాటుకుపోయింది. తాగేటప్పుడు మనిషి ఒక్కడే. కట్టుకున్న తరువాత ఇద్దరు. అమెరికా విమానయాన నిబంధనలు కూడా ఇదే చెబుతాయి. 105వ భాగంలో 7వ నిబంధన ప్రకారం, మద్యం ప్రభావంలో ఉన్నవాడు దూకకూడదు. ఉన్నట్టు కనిపించినా దూకకూడదు. అటువంటివాణ్ణి దూకనివ్వడం పైలట్‌కు కూడా తప్పే. ఇక విమానం నడిపేవాళ్ళు తాగిన 8 గంటల లోపల విధుల్లోకి రాకూడదు. కాని పై లెక్క చూశారుగా, 8 గంటలు గడిచినంత మాత్రాన అందరి ఒళ్ళూ తేటపడదు.

ఇంకో సంగతి ఉంది. రక్తంలో ఆల్కహాలు సున్నా అయ్యాక కూడా తల తిరుగుడు పోకపోవచ్చు. మన లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు ఉన్నాయి. వాటిలో ఒక ద్రవం, ఆ ద్రవంలో అటూ ఇటూ ఊగే మెత్తని జిగురు తెర ఉంటాయి. తల ఎటు తిరుగుతోందో మెదడుకు చెప్పేది ఆ తెరే. తాగినప్పుడు ఆల్కహాలు ముందు తెరలోకి, తరువాత ద్రవంలోకి చేరుతుంది. తెర తేలికపడి తేలుతుంది. అందుకే తాగి పడుకున్నవాడికి మంచం తిరుగుతుంది. కొన్ని గంటలు గడిచాక తెరలోంచి ముందు పోతుంది, ద్రవంలో మిగిలి ఉంటుంది. ఇప్పుడు తెర బరువెక్కి, తిరుగుడు రెండోసారి ఎదురుదిశలో మొదలవుతుంది. రక్తం శుభ్రపడిన తరువాత కూడా ఇది కొన్ని గంటలు సాగవచ్చు. ఇటువంటి చెవితో గొడుగు కింద గిరగిర తిరుగుతూ దిగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా 12,500 అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులు కూడా ఉండదు. అందే ప్రాణవాయువూ అంతే. తాగినవాడి ఒంట్లో నీరు ఎలాగూ తగ్గిపోయి ఉంటుంది.

మావాడు ఆ పగలంతా నాతో మాట్లాడలేదు. స్నేహితులిద్దరూ దూకి, కేరింతలు కొడుతూ వచ్చారు. నేను నీడలో కూర్చుని చూస్తూ ఉన్నాను. దిగిన గొడుగులను నేల మీద పరిచి, మడతలు పెట్టి, సంచిలోకి దూర్చే పనివాళ్ళ చేతివాటం మా ఊరి చాకలి బండ దగ్గర కూడా చూడలేదు. ఆపదకు వాడే రెండో గొడుగును మాత్రం వాళ్ళు ముట్టుకోరు. దాన్ని లైసెన్సు ఉన్న నిపుణుడే 180 రోజులకు ఒకసారి విప్పి, పరీక్షించి, తిరిగి మడవాలి. మనిషి తాడు లాగడం మరచినా, వేగాన్నీ ఎత్తునూ కనిపెట్టి తనంత తానే ఆ రెండో గొడుగును తెరిచే యంత్రం కూడా ఉంది. కాని నేల దగ్గర కాళ్ళు ఎత్తిపెట్టే యంత్రాన్ని ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

సాయంత్రం శిక్షకురాలే మా బల్ల దగ్గరకు వచ్చి కూర్చుంది. దూకేవాళ్ళు మద్యానికి శత్రువులనుకునేరు, అదేం లేదు. వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఎవరు ఏ పని మొదటిసారి చేసినా, అక్కడున్న వాళ్ళందరికీ బీరు కొనిపెట్టాలి. మొదటి దూకుడుకు బీరు, నూరో దూకుడుకు బీరు, మొదటిసారి చెప్పు జారిపోయినా బీరే. కాని ఆఖరి విమానం ఆఖరి మనిషిని దింపి వచ్చేవరకు ఒక్క సీసా మూత కూడా తీయరాదు. అనేక మైదానాల్లో ఇందుకోసం ఒక దీపం కూడా పెడతారట. దాని పేరే బీరు దీపం. అది వెలిగిందంటే ఆ రోజుకు ఇక ఎవరూ దూకరని అర్థం.

“మీవాడు దీపం ముందు వెలిగించాడు,” అంది ఆమె నవ్వుతూ. తరువాత వాడివైపు తిరిగి, “భయంగా ఉందా?” అని అడిగింది.

“ఉంది,” అన్నాడు. ఆ మాట వాడు పైకి ఒప్పుకోవడం అదే మొదటిసారి.

“ఉండాలి. రేపు దాన్ని కూడా తీసుకురా. భయపడేవాడు చెప్పిన మాట వింటాడు. తాగినవాడు వినడు. రాత్రి నీళ్ళు బాగా తాగు. పొద్దున్న ఖాళీ కడుపుతో రాకు, కొంచెం తిను.”

ఆ రాత్రి బసలో పెరుగు డబ్బా కొని, నీళ్ళు పోసి, ఉప్పు వేసి, నిమ్మకాయ పిండి మజ్జిగ చేశాను. వాడు రెండు గ్లాసులు తాగాడు. పది గంటలకు పడుకున్నాడు. నిద్రపట్టడానికి ఒక గంట పట్టింది. ఆ గంటసేపూ ఇద్దరం మా అక్కయ్య సంగతులే మాట్లాడుకున్నాము.

ఆదివారం ఉదయం విమానం పావుగంటలో పైకెక్కి, చిన్న మచ్చలా అయిపోయింది. తరువాత చుక్కలు రాలాయి. అందులో మావాడెవడో నాకేం తెలుస్తుంది? ముప్పావు నిమిషం, గంటకు 120 మైళ్ళ వేగం. చూస్తున్న నాకు అది పెళ్ళి ముహూర్తమంత పొడుగ్గా తోచింది. గొడుగులు విచ్చుకున్నాయి. ఐదారు నిమిషాలకు ఎర్రగొడుగు ఒకటి మా ముందుకు వాలింది. నేల దగ్గరకు వచ్చేసరికి ఆమె ఏదో అరిచింది. వెంటనే రెండు కాళ్ళు, చక్కగా, బడిపిల్లవాడు చేతులెత్తినట్టు, పైకి లేచాయి. ఇద్దరూ గడ్డి మీద కూర్చున్నట్టుగా జారి ఆగారు.

పట్టీలు విప్పగానే వాడు నా దగ్గరకు పరుగెత్తి వచ్చాడు. “మామయ్యా, తూర్పున పెద్ద కొండ, కింద రెండు సరస్సులు, అన్నీ కనిపించాయి. ఒక్క క్షణం కూడా మరచిపోలేదు!” అన్నాడు. నిన్న ఆ కళ్ళతో పైకి వెళ్ళి ఉంటే, ప్రాణానికి ఏమీ కాకపోయినా, ఈ చూపు మాత్రం దక్కేది కాదు గదా అనిపించింది. 10,834 అడుగుల శాన్ జసింటో శిఖరాన్ని గద్ద చూసినట్టు చూసే అవకాశం మనిషికి ఎన్నిసార్లు వస్తుంది?

అమెరికాలో కొడుకులు, మేనల్లుళ్ళు ఉన్న చదువరులకు నాదొక సలహా. దూకవద్దని చెప్పకండి, చెప్పినా వినరు. 2023లో ఆ దేశంలో సుమారు 36 లక్షల 50 వేల దూకుళ్ళు జరిగితే పోయినవారు 10 మంది. సవ్యంగా చేస్తే ఇది మరీ వెర్రిసాహసం కాదు. ముందురాత్రి ఎన్నింటికి పడుకున్నారో మాత్రం అడగండి.

మావాడు ఆచారం ప్రకారం ఒక పెట్టె బీరు కొని అక్కడివాళ్ళకు అప్పజెప్పాడు. ఆఖరి విమానం దిగిన తరువాత మూతలు తీశారు. వాడూ ఒక సీసా పుచ్చుకుని, సగం తాగి, పక్కన పెట్టేశాడు. కారు నడిపింది స్నేహితుడు. దారిలో వాడు ఫోను తీసి వాళ్ళమ్మకు కలిపాడు. “అమ్మా, ఒక సంగతి చెబుతాను, తిట్టకు,” అని మొదలుపెట్టాడు.