ఏడుగురు అక్కచెల్లెళ్లు, ఒక సర్వేయరు

డౌన్ అంటే కిందికి అని బడిలో నేర్చుకున్నాం. దక్షిణ ఇంగ్లండులో మాత్రం డౌన్స్ అంటే గుట్టలు. పాత ఇంగ్లీషులో గుట్టని ‘డూన్’ అనేవాళ్లు, ఆ మాటే అరిగి ఇట్లా మిగిలింది. ఈ సుద్ద గుట్టల మీద నడిచిన ఎవరినైనా అడగండి, రెండు అర్థాలూ నిజమే అంటారు. ఎక్కినదంతా దిగాలి, దిగినదంతా మళ్లీ ఎక్కాలి.

సెప్టెంబర్ చివరి శనివారం సీఫర్డ్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా, సముద్రం ఒడ్డునే, సెవెన్ సిస్టర్స్ మీదుగా నడవాలని నేనూ బాపూ అనుకున్నాం. స్టేషన్ నుంచి స్టేషన్‌కి దాదాపు 22 కిలోమీటర్లు. బాపుకి 67 ఏళ్లు. రెండేళ్ల కింద స్టెంట్ వేశారు. నడవొచ్చు, నడవాలి అని డాక్టర్ చెప్పాడు. “నీకేమన్నా పిచ్చా అక్కా” అని తమ్ముడు హైదరాబాద్ నుంచి రోజూ ఫోన్.

అందుకే మూడు వారాలుగా మా భోజనాల బల్ల మీద ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాప్ పరిచే ఉంది. ఒకటికి పాతిక వేల స్కేలు, ఐదు మీటర్లకో కాంటూరు గీత. ముప్ఫై ఏళ్లు గొలుసు, క్రాస్ స్టాఫ్ పట్టుకుని కరీంనగర్ పల్లెలు కొలిచిన సర్వేయర్ ముందు మ్యాప్ పరిస్తే ఏమవుతుందో మీరు ఊహించుకోవచ్చు. నేను వంట చేసుకుంటుంటే ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, వంగి చదువుతూ ఉంటాడు.

ఆయన్ని ఆపేసినవి ఆకుపచ్చ చుక్కల గీతలు. “గీ బాట ఎవ్వల భూమిలకెళ్లి పోతుంది బిడ్డా?”

“రైతులదే బాపూ. పట్టా భూమే.”

“మరి అందరు నడువొచ్చా?”

నడవొచ్చు. 1949 చట్టం ప్రకారం ఇక్కడి కౌంటీలు ఇట్లాంటి బాటలన్నిటినీ ఒక అధికారిక మ్యాప్‌లోకి ఎక్కించాయి. అందులో ఉంటే చాలు, యజమాని ఎవరైనా దారి వదలాల్సిందే. పొలానికి అడ్డంగా పోయే బాటని దుక్కిలో దున్నినా, మామూలుగా 14 రోజుల్లో మళ్లీ నడిచేట్టు చేసివ్వాలి. ఈ ముక్క విని ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. మా దగ్గర నక్షబాట అంటారు, ఊరి నక్షలో గీసి ఉన్న బాట. నక్షలో ఉంటుంది, నేల మీద ఉండదు. ఇటు రైతు ఒక సాలు, అటు రైతు ఒక సాలు కలుపుకుంటూ పోతే పదేళ్లకి బండి పట్టదు, ఇరవై ఏళ్లకి మనిషి పట్టడు. ఆయన సర్వీసులో సగం పంచాయితీలు వాటి గురించే. “పద్నాలుగు దినాలా” అని మాత్రం అన్నాడు చివరికి.

నడకకి టైము లెక్కగట్టడానికి నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో ఒక సూత్రం చెప్పాడు. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే ఐదు కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తు బీచీ హెడ్, 162 మీటర్లు. మా ఊరి గుట్ట కంటే పెద్దదేం కాదు. కానీ బాపు కాంటూర్లు ఒక్కొక్కటీ పెన్సిలుతో లెక్కపెట్టి కూడితే ఎక్కుడు మొత్తం 500 మీటర్లు దాటింది. సూత్రం ప్రకారం ఐదుంబావు గంటలు. అయితే అది గట్టి కాళ్ల కోసం రాసిన సూత్రం, నిటారు దిగుడులో మోకాలు అడిగే టైము అందులో లేదు. మేము ఎనిమిది గంటలు వేసుకున్నాం. ఆరూముప్పావుకి పొద్దు గుంకుతుంది.

లెక్కపెడుతూనే ఇంకోటి పట్టుకున్నాడు. పేరుకి ఏడుగురు సిస్టర్స్, గుట్టలు మాత్రం ఎనిమిది. నిజమే, అది ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. “అక్కచెల్లెళ్లు ఏడుగురైతే పోతరాజు ఉండాలె గదా” అన్నాడు. బీచీ హెడ్ కింద నీళ్లలో నిలబడ్డ ఎరుపు తెలుపు పట్టీల లైట్‌హౌస్ ఫోటో చూపించాను. “గాయ్నే” అన్నాడు.

నాకు అసలు భయం ఎత్తు కాదు, అంచు. సుద్ద అంటే కోట్ల ఏళ్ల కింద, డైనోసార్ల కాలంలో, వెచ్చటి సముద్రం అడుగున పేరుకున్న కంటికి కనపడని నాచుజీవుల పెంకులు. మెత్తన. కింద అలలు కోస్తుంటాయి, పైన గడ్డి మాత్రం గట్టు ఉన్నట్టే ముందుకి వేలాడుతుంటుంది. ఎప్పుడు ఏ ముక్క కూలేదీ చెప్పలేం. గట్టు దాకా పోయి చూడటం బాపుకి వృత్తి నేర్పిన అలవాటు. బర్లింగ్ గ్యాప్ దాటాక బెల్ టూట్ అనే పాత లైట్‌హౌస్ ఉంది. అంచు దగ్గరికి వచ్చేస్తోందని 1999లో దాన్ని మొత్తంగా పదిహేడు మీటర్లు లోపలికి జరిపారు. ఈ కథ చెప్తే ఎక్కడ లేని కోపం వచ్చింది ఆయనకి. హద్దురాయి జరిపినోళ్ల మీద కేసులు రాసిన మనిషి, హద్దే జరుగుతుంటే ఏం చేస్తాడు! అంచుకి దూరంగా నడుస్తానని అప్పుడే ఒప్పుకున్నాడు.

ఇక నీళ్లు. సుద్ద నేల వానని స్పాంజిలా తాగేస్తుంది, పైన వాగూ ఉండదు, చెట్టు నీడా దాదాపు ఉండదు. మనిషికి రెండు లీటర్లు మోయాల్సిందే. వాన పడితే అదే సుద్ద సబ్బుముక్క. శుక్రవారం వాన పడితే శనివారం పోము అని రాసుకున్నాం. చెప్పుల మీద వస్తానన్న ఆయనతో బూట్లు కొనిపించడానికి పట్టిన రెండు వారాల సంగతి వదిలేయండి.

ఆగస్టులో ఒకసారి బాక్స్ హిల్‌కి తీసుకెళ్లాను, అదీ సుద్ద గుట్టే. రెండొందల పైచిలుకు మెట్లు. సగంలో ఆగి వంగి ఒక రాయి తీశాడు. “చెకుముకి రాయి, చూడు.” ఇంకో ముప్ఫై మెట్లకి ఇంకో చెకుముకి రాయి. తర్వాత ఒక పువ్వు. తర్వాత షూ లేసు. మా బాపు ఆయాసం వస్తోందని చెప్పడు, ఏదో ఒకటి చూపిస్తాడు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆమే ముందు కూర్చునేది, “నాకు కాళ్లు గుంజుతున్నయ్” అని. ఆమెకి ఎప్పుడూ గుంజలేదని నాకిప్పుడు అర్థమవుతోంది.

కాబట్టి నా ప్లాను రెండు పొరలది. పైకి, చూడాల్సిన చోట్ల జాబితా. కుక్‌మియర్ నది మెలికలు, ప్రతి రెండో సిస్టర్ మీద ఒక ఫోటో, బర్లింగ్ గ్యాప్‌లో చాయ్. లోపల, అవన్నీ ఆగే చోట్లు. వాటిలో రెండు, దిగిపోగలిగే చోట్లు. నది కలిసే చోట దాటడానికి వంతెన లేదు. ఎదురుగా గుట్టలు కనిపిస్తూనే ఉన్నా ఎక్సీట్ వంతెన దాకా లోపలికి పోయి రావాలి, నాలుగు కిలోమీటర్ల పైనే చుట్టు. ఎక్సీట్‌లో బ్రైటన్ బస్సు ఆగుతుంది. బర్లింగ్ గ్యాప్ నుంచి లోపలికి రెండు కిలోమీటర్ల లోపే ఈస్ట్ డీన్, అక్కడా అదే బస్సు. బస్సుల మాట నేను పైకి అనలేదు. నా కాగితం మీద మూలకి చిన్న ‘బ’ రాసుకున్నానంతే.

నిన్న రాత్రి నేను ఆఫీసు కాల్‌లో ఉండగా ఆయన ఆ కాగితం తీసుకుని కూర్చున్నాడు. వచ్చి చూస్తే సర్వేయర్ అక్షరాలతో, ఎర్ర పెన్నుతో, రెండు ‘బ’ల చుట్టూ సున్నాలు చుట్టి ఉన్నాయి. ఎక్సీట్ పక్కన ‘12:30 దాటితే బస్సు.’ బర్లింగ్ గ్యాప్ పక్కన ‘3:00.’ కింద ఒక గీత కొట్టి ‘చెకుముకి రాళ్లు ఎక్కువైతే యాడైనా.’

నేను చదవడం ఆయన చూశాడు. టీవీ సౌండ్ పెంచి, “శనివారం పులిహోర చేస్తవా, ఆ బ్రెడ్డు ముక్కలేనా?” అని అడిగాడు.

పులిహోరే. చింతపండు ఇవాళ నానబెట్టాలి.