ఎఫ్2 నొక్కినా బయోస్ రాలేదు



మా రూంలో ఆరుగురికి ఒకటే ల్యాప్‌టాప్. మాలో ఒకడి నాన్న మిరియాలు అమ్మి సెకండ్‌హ్యాండ్‌లో కొనిచ్చింది. బాగా స్లో అయిపోతే, పెన్‌డ్రైవ్‌తో ఉబుంటు వేసుకుందాం అనుకున్నాం. దానికి ముందు బయోస్‌లోకి వెళ్లాలి కదా. ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కాం, రాలేదు. ఎఫ్12, డిలీట్, ఎఫ్ఎన్ పట్టుకుని కూడా నొక్కాం. రెండు రాత్రులు అదే పని. షాపాయన విప్పి చూడకుండానే "మదర్‌బోర్డు పోయింది, 3 వేలవుద్ది" అన్నాడు. ఆ రోజు మెస్‌లో ఎవరికీ అన్నం సహించలేదు. ఇంటికి ఏమని చెప్తాం?

సీనియర్ అక్కకి ఫోన్ చేస్తే నవ్వింది. విండోస్ 10లో షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగదట. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే సగం నిద్రలోనే ఉంటుంది, లేచేటప్పుడు కీ నొక్కే టైం కూడా ఇవ్వదు. మేం ఆపి ఆపి ఆన్ చేశాం గానీ, ఒక్కసారీ రీస్టార్ట్ చేయలేదు!

షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టాం. నీలం స్క్రీన్ వచ్చింది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్, మళ్లీ రీస్టార్ట్. నేరుగా బయోస్‌లోకే పోయింది. మరీ పాత సిస్టమ్స్‌లో ఆ చివరి ఆప్షన్ కనిపించదు. అప్పుడు మామూలుగా రీస్టార్ట్ కొట్టి, స్క్రీన్ నల్లబడగానే ఎఫ్2 టకటకా కొడుతూ ఉండాలి.

షాపాయనకి ఇంకా చెప్పలేదు. మంగళవారం అటు పోతున్నాం.